కనబడనివాటి లెక్క: నెమళ్లు, దుప్పుల ప్రాజెక్టు డైరీ

అక్టోబరు, చివరి వారం

హైదరాబాద్ శివారులో ప్రహరీ గోడ ఉన్న ఒక పెద్ద విద్యాసంస్థ ప్రాంగణం. విస్తీర్ణం సుమారు 3 చదరపు కిలోమీటర్లు. భవనాలన్నీ ఒక మూల. మిగతాదంతా రాతిగుట్టలు, తుమ్మచెట్లు, రేల, మోదుగ, సీతాఫలం పొదలు, రెండు చిన్న కుంటలు. ఇందులో నెమళ్లు ఎన్ని, దుప్పులు ఎన్ని? మా ప్రాజెక్టు ఇదే.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. నాతోపాటు ఎమ్మెస్సీ విద్యార్థులు ముగ్గురు: స్రవంతి, ఇమ్రాన్, నవీన్. లోపలి దారులన్నీ తెలిసిన వాచ్‌మన్ యాదయ్య గారు కూడా మాతో నడుస్తున్నారు. అనుమతి కాగితం చేతికొచ్చింది. ఏ జంతువునూ పట్టుకోం, ముట్టుకోం, మేత వేయం. చూస్తాం, దూరం కొలుస్తాం, ఫొటో తీస్తాం.

మొదటిరోజు గేటు దగ్గరే అడిగాను. "యాదయ్య గారూ, మీ లెక్కన నెమళ్లు ఎన్ని ఉంటాయి?"

"నాకు అగుపడ్డయి జెప్తా సార్. అగుపడనియి ఎట్ల జెప్పాలె?"

ఈ విషయం మీద వచ్చిన పుస్తకాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుతాయి. మనకు కనబడిన సంఖ్య అంటే అసలు సంఖ్యలో కొంత వంతు. ఆ వంతు ఎంతో తెలియదు, అసలు సంఖ్యా తెలియదు. ఒకే సమీకరణం, రెండు తెలియని రాశులు. పోయినేడు ఒక ఉదయం 60 నెమళ్లు కనబడి, ఈ ఏడు అదే దారిలో 40 కనబడితే నెమళ్లు తగ్గాయని చెప్పగలమా? ఈసారి వానలు బాగా పడి గడ్డి నడుమెత్తు పెరిగింది. పక్షులు అన్నే ఉండి, మన కంటికి తక్కువ అందుతుండవచ్చు. పత్రికల్లో ఏటా వచ్చే "ఇన్ని పక్షులు కనిపించాయి" అనే వార్త చదివినప్పుడల్లా నాకు ఈ సందేహమే వస్తుంది.

అందుకే కనబడే వంతును కూడా విడిగా కొలవాలి. దానికి రెండు దారులు ఎంచుకున్నాం. నెమళ్లకు దూరం కొలిచే పద్ధతి, దుప్పులకు ఫొటోల్లో గుర్తుపట్టి మళ్లీ వెతికే పద్ధతి.

నవంబరు, మొదటి పక్షం

గీతలు గీసే పని. ప్రాంగణం మ్యాపు మీద సమాంతరంగా, సమదూరంలో గీతలు. మొదటి గీత ఎక్కడ పడాలన్నది కంప్యూటర్ ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్యను బట్టి నిర్ణయించాం. మిగతావన్నీ దాని వెంట 300 మీటర్లకు ఒకటి చొప్పున.

నవీన్ సూచన వేరే. లోపల ఉన్న మట్టిరోడ్ల మీద నడుద్దాం, సులువు కదా అన్నాడు. చాలామంది చేసేది అదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను. రోడ్డు ఎక్కడ వేస్తారు? గుట్ట లేనిచోట, పొద తక్కువ ఉన్నచోట, నడవడానికి వీలున్నచోట. నెమళ్లకూ రోడ్డుతో పని ఉంది. మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి దుమ్ములో పొర్లుతాయి, గింజలు ఏరుకుంటాయి. కొన్నిచోట్ల, మనుషులు ఎక్కువగా నడిస్తే, దూరంగా తొలగిపోతాయి. రోడ్డు పక్కన పక్షుల సాంద్రత మిగతా అడవిలో ఉన్నంతే అని చెప్పడానికి ఆధారం ఏదీ లేదు. ఈ పద్ధతి మొత్తం నిలబడేది ఒక నమ్మకం మీద: గీతకు దగ్గరలోనూ దూరంలోనూ జంతువులు సమానంగా పరుచుకుని ఉన్నాయి, దూరం పోయేకొద్దీ తగ్గేది మన చూపే. రోడ్డునే గీతగా తీసుకుంటే ఆ నమ్మకం మొదటి అడుగులోనే పోతుంది. తరవాత ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ తెచ్చినా దాన్ని సరిచేయలేం.

కాబట్టి మా గీతలు గుట్టల మీదుగా, ముళ్లపొదల గుండా పోతున్నాయి. ఎక్కలేని బండ ఎదురైతే పక్కనుంచి చుట్టి మళ్లీ గీత మీదికి రావాలి. యాదయ్య గారు ప్రతి గీతా ముందు ఒకసారి నడిచి, కత్తితో కొమ్మ నరకకుండా, చెట్లకు పసుపు గుడ్డ పేలికలు కట్టారు. దారి నరికితే అదీ ఒక రోడ్డే అయిపోతుంది.

నవంబరు, రెండో పక్షం

నెమళ్ల జోలికి పోకముందు, అసలు సంఖ్య తెలిసినదాని మీద పద్ధతిని పరీక్షించాలనుకున్నాం. దీనికి ఒక మంచి పూర్వోదాహరణ ఉంది. 1978లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, లోగన్ ఊరి దగ్గర జెఫ్ లేకీ పొదలున్న మైదానంలో 150 కర్ర గూటాలు పాతి, వాటి మధ్య గీత మీద వేరువేరు మనుషులను నడిపించాడు. ఒక్కొక్కరూ లెక్కపెట్టిన సంఖ్య ఒక్కో తీరు. అసలు సాంద్రత ఎంతో ముందే తెలుసు కాబట్టి పద్ధతి నిజానికి ఎంత దగ్గరగా వస్తుందో తేలింది. దూరాల మీద ఆధారపడే అంచనాలు చెప్పే క్లాసుల్లో ఆ గూటాల దత్తాంశం (డేటా) ఇప్పటికీ వాడతారు.

మేమూ అదే చేశాం. యాదయ్య గారు ఒక మధ్యాహ్నం ఒంటరిగా వెళ్లి, గీతకు రెండు వైపులా 20 మీటర్ల లోపు, మట్టిరంగు పూసిన గూటాలు పాతారు. ఎన్నో చెప్పలేదు. కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నారు. మరునాడు ముగ్గురూ విడివిడిగా నడిచారు. స్రవంతికి 41 కనబడ్డాయి, ఇమ్రాన్‌కు 36, నవీన్‌కు 29. నవీన్‌కు కళ్లద్దాలు, పైగా ఎదురుగా ఎండ.

తరవాత ప్రతి గూటానికీ గీత నుంచి ఉన్న లంబ దూరాలతో అంచనాలు కట్టాం. స్రవంతి దత్తాంశం 84 అంది, ఇమ్రాన్‌ది 77, నవీన్‌ది 71. యాదయ్య గారు కాగితం తీశారు. 80.

లెక్కపెట్టిన సంఖ్యల్లో స్రవంతిది నవీన్‌ది కంటే 41 శాతం ఎక్కువ, అంచనాల్లో ఆ తేడా 18 శాతానికి తగ్గిపోయింది. కారణం ఇది: తక్కువ చూసిన మనిషి దూరపువాటిని ఎక్కువగా వదిలేస్తాడు. ఆ వదిలేసిన తీరు అతని దూరాల్లోనే నమోదవుతుంది. నవీన్ చూసిన 29లో దగ్గరవి ఎన్ని, దూరపువి ఎన్ని అన్న పంపకం చూసి అతని చూపు ఎంత వెడల్పు పట్టిందో లెక్క చెబుతుంది. అందరి కళ్లూ ఒకేలా ఉండాల్సిన పని లేదు. ప్రతి కన్నూ తన దూరాలను నిజాయితీగా ఇస్తే చాలు. నవీన్ అంచనాకు స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) ఎక్కువే, 29 దూరాలంటే చిన్న శాంపిల్. కనీసం 60 నుంచి 80 నమోదులు కావాలని ఈ రంగంలో అనుభవజ్ఞులు చెప్పే మాట.

డిసెంబరు

నెమళ్ల నడక మొదలు. "పొద్దుగాల ఆరుంబావుకే రండి సార్, ఎండెక్కితే చెట్ల నీడకు బోయి కూసుంటయి" అని యాదయ్య గారి సలహా. ఉదయం 6.30 నుంచి 9 లోపే నడుస్తున్నాం.

చేతిలో లేజర్ రేంజ్‌ఫైండర్, దిక్సూచి, క్లిప్‌బోర్డు. పక్షి కనబడగానే ఆగి మూడు అంకెలు రాయాలి: దానిదాకా దూరం, గీతకు అది ఉన్న దిక్కుకు మధ్య కోణం, గుంపులో ఎన్ని. దూరాన్ని కోణం సైన్‌తో గుణిస్తే లంబ దూరం వస్తుంది. 60 మీటర్ల దూరంలో 30 డిగ్రీల కోణంలో కనబడితే లంబ దూరం 30 మీటర్లు.

మూడు నియమాలు. గీత మీదే ఉన్న పక్షిని వదలకూడదు. పక్షి మనల్ని చూసి కదలకముందు ఎక్కడుందో ఆ చోటినే కొలవాలి. కొలత సరిగ్గా ఉండాలి.

మూడింట్లో రెండోది కష్టం. నెమలి మనకంటే ముందే మనల్ని చూస్తుంది. తల నిటారుగా ఎత్తి, రెండడుగులు పక్కకు వేసి, పొదలోకి జారుకుంటుంది. మనకు కనబడేది ఆ జారుకోవడమే. మొదటి వారం హిస్టోగ్రామ్ (ఏ దూరంలో ఎన్ని కనబడ్డాయో చూపే పట్టీల బొమ్మ) గీస్తే సున్నా నుంచి 10 మీటర్ల మధ్య పట్టీ పొట్టిగా, 20 నుంచి 30 మధ్యది పొడవుగా వచ్చింది. పక్షులు గీత నుంచి తప్పుకుంటున్నాయనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఉండదు. దీన్ని పట్టించుకోకుండా, దూరంతో చూపు తగ్గే తీరుకు గీసిన వక్రరేఖ అసలుకంటే తక్కువ సంఖ్య చెబుతుంది. నడక తీరు మార్చాం. ఇద్దరే నడుస్తున్నారు, మాటలు బంద్. ముందున్న మనిషి చూపు కాళ్ల దగ్గర కాక 50 మీటర్ల అవతల గీత మీదే ఉంటుంది. రెండో మనిషి నమోదు చేస్తాడు. తెల్ల చొక్కాలు వద్దన్నాం. తరవాతి వారాల పట్టీలు క్రమంగా ఎడమ నుంచి కుడికి దిగుతున్నాయి.

ఇంకో విషయం. రేంజ్‌ఫైండర్ పొద కొమ్మల మీద ఆగిపోయినప్పుడు కంటి అంచనా రాసే అలవాటు ఎవరికైనా ఉంటుంది. కంటి అంచనా ఎప్పుడూ 10, 20, 50 దగ్గరే ఆగుతుంది. 17, 23 అని ఎవరి కన్నూ చెప్పదు. కోణమూ అంతే, 5 డిగ్రీలను సున్నా అని రాసేస్తే గీత మీద లేని పక్షి గీత మీదికొస్తుంది, సాంద్రత పెరిగిపోతుంది. కాబట్టి పక్షి నిలబడిన చెట్టు మొదలును గుర్తుపెట్టుకుని, అది వెళ్లిపోయాక టేపుతో లంబంగా కొలుస్తున్నాం. ఆలస్యమైనా ఇదే పని. ఒక ఉదయం రేల చెట్టు కింద మూడు ఆడ నెమళ్లు. రేంజ్‌ఫైండర్ 26 అంది. టేపు 31 మీటర్లు అంది, లేజర్ ముందున్న తుమ్మ కొమ్మకు తగిలింది. టేపు అంకె రాశాం.

పిలుపులు వినబడతాయి గానీ పక్షి కనబడదు. అవి ఈ లెక్కలోకి రావు. వాటికి విడిగా ఒక గడి ఉంచాం.

జనవరి

గుంపుల నమోదు 60 దాటింది. క్లాసులో బోర్డు మీద చేతిలెక్క చూపించాను. పాఠం కోసం వేసుకున్న గుండ్రటి అంకెలు, మా దత్తాంశం కాదు. దూరాలు సగం గంట ఆకారంలో, గుడి గంట బొమ్మను నిలువుగా సగానికి కోసినట్టు, తగ్గుతాయనుకుందాం. ఆ ఆకారం వెడల్పు చెప్పే సంఖ్య సిగ్మా. అప్పుడు సిగ్మా వర్గం అంటే దూరాల వర్గాల సగటే. సిగ్మా 30 మీటర్లు వచ్చిందనుకుంటే దాన్ని 1.2533తో గుణించాలి, సుమారు 37.6 మీటర్లు. అంటే గీతకు ఒక్కో పక్క 37.6 మీటర్ల పట్టీలో ఒక్కటి కూడా వదలకుండా చూస్తే ఎన్ని కనబడతాయో, మన మసక చూపుకు మొత్తం మీద అన్నే కనబడ్డాయి. మొత్తం నడక 24 కిలోమీటర్లయితే చూసిన విస్తీర్ణం రెండు పక్కలా కలిపి 1.8 చదరపు కిలోమీటర్లు. 66 గుంపులు కనబడి ఉంటే చదరపు కిలోమీటరుకు సుమారు 37 గుంపులు.

ఇమ్రాన్ వెంటనే అడిగాడు. "సార్, దీన్ని సగటు గుంపు సైజుతో గుణిస్తే పక్షుల సంఖ్య వచ్చేస్తుంది కదా?"

రాదు, ఎక్కువ వస్తుంది. పెద్ద గుంపు దూరం నుంచి కూడా కనబడుతుంది, ఒంటరి పక్షి దగ్గరైతేనే కనబడుతుంది. సగం గుంపులు ఒంటరివి, సగం అయిదేసి పక్షులవి అనుకుందాం. నిజమైన సగటు 3. ఒంటరిది 20 మీటర్ల లోపే కనబడి, అయిదు పక్షుల గుంపు 60 మీటర్ల దాకా కనబడితే, మన నోట్‌బుక్‌లో ఒంటరిదానికి మూడు రెట్లు పెద్ద గుంపులు పడతాయి. ఒకటి, అయిదు, అయిదు, అయిదు. సగటు 4. ఎవరూ తప్పు రాయలేదు, ఎవరూ ఎక్కువ చెప్పలేదు. అయినా మూడో వంతు పెరిగింది.

ఈ సంగతిని గణితంగా పట్టుకున్నవాళ్లలో మనవాడొకడు ఉన్నాడని ఆ రోజు క్లాసులో చెప్పినప్పుడు నాకు ఎంత ఆనందమో. కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్.రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1945లోనే అంచనాల కచ్చితత్వానికి ఒక హద్దు ఉందని చూపించి, క్రామర్-రావు హద్దుగా ప్రతి పాఠ్యపుస్తకంలోకి ఎక్కినాయన. మా పిల్లలు ఆయన పేరు పరీక్షల కోసం రాస్తారు. గచ్చిబౌలిలో ఆయన పేరు పెట్టిన రోడ్డు మీద బస్సులో వెళతారు. అదే రావు, గణపతి పాటిల్‌తో కలిసి 1978లో బయోమెట్రిక్స్ పత్రికలో రాసిన వ్యాసం వన్యప్రాణుల గుంపుల గురించీ మానవ కుటుంబాల గురించీ. పెద్దవి చూపుకు ఎక్కువగా చిక్కడం వల్ల శాంపిల్‌ ఒక పక్కకు వాలిపోవడాన్ని ఎలా సరిచేయాలో అందులో ఉంది. స్రవంతి ఆ వ్యాసం ముందు పేజీ చూసి కాసేపు మాట్లాడలేదు. తరవాత గుంపు సైజును దూరంతో కలిపి రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకొకటి ఎలా మారుతుందో చెప్పే రేఖ) కట్టే పని తనే తీసుకుంది. గీతకు అతి దగ్గరి గుంపుల సైజును నమ్మి, దూరం గుంపుల పెరుగుదలను సరిచేస్తుంది ఆ రిగ్రెషన్. ఆయన 2023 ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఫిబ్రవరి, మొదటి పక్షం

దుప్పులు. ఒంటి మీద చుక్కల వరస ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. అదే మా గుర్తు. పట్టుకుని చెవికి బిళ్ల తగిలించాల్సిన పని లేదు.

ఈ పద్ధతి ఆలోచన చాలా పాతది. 1802లో ఫ్రాన్స్ జనాభాను లాప్లాస్ జననాల రిజిస్టర్ల నుంచి ఇదే తరహా నిష్పత్తితో అంచనా వేశాడు. 1890లలో డెన్మార్క్‌లో పీటర్‌సన్ చేపలకు గుర్తులు వేసి వదిలాడు. 1930లో అమెరికాలో లింకన్ కాలికి రింగులు తొడిగిన బాతుల్లో ఎన్ని వేటగాళ్ల చేతికి చిక్కాయో చూసి బాతుల సంఖ్య కట్టాడు. ఇప్పుడు లింకన్-పీటర్‌సన్ సూత్రం అంటున్నాం. మొదటిసారి గుర్తించినవి, రెండోసారి చూసినవి గుణించి, రెండుసార్లూ కనబడినవాటితో భాగించాలి. చిన్న శాంపిల్‌కు ఇది ఎక్కువ చూపుతుంది కాబట్టి 1951లో చాప్‌మన్ ఇచ్చిన సవరణ వాడాలి: మూడు అంకెలకూ ఒకటి చేర్చి, చివర ఒకటి తీసేయాలి.

మన దేశంలో దీని వెనక ఒక చేదు కథ ఉంది. పులులను అడుగుజాడలు బట్టి లెక్కపెట్టే పద్ధతి 1960లలో సరోజ్ రాజ్ చౌధురి రూపొందించినప్పటి నుంచి దశాబ్దాలు నడిచింది. జాడ చూసి ఫలానా పులి అని గుర్తుపట్టగలమన్న నమ్మకం దానికి పునాది. ఆ నమ్మకాన్ని గట్టిగా పరీక్షించకుండానే లెక్కలు సాగాయి. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో పులి ఒక్కటీ లేదని తేలింది. కాగితాల మీద మాత్రం అంతకు ముందు ఏళ్లలో ఉన్నాయి. కర్ణాటకలోని నాగరహొళెలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990లలోనే కెమెరా ట్రాప్‌లతో (జంతువు ఎదురుగా రాగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరాలు) చారలను బట్టి పులులను విడదీసి, పట్టి-వదిలి-పట్టే సూత్రాలతో లెక్క కట్టి చూపించాడు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే దేశవ్యాప్త అంచనాలో కెమెరాలు, గీతల మీద నడకలు వచ్చాయి. మన అమ్రాబాద్, కవ్వాల్ అభయారణ్యాల్లోనూ అవే కెమెరాలు. హైదరాబాద్ అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల వన్యప్రాణి ప్రయోగశాల లకోన్స్ జంతువుల మలంలో దొరికే డీఎన్ఏతో జంతువులను గుర్తించే పని చేస్తుంది. అదీ గుర్తే, చారకు బదులు డీఎన్ఏ.

పులికి కుడి చారలు వేరు, ఎడమ చారలు వేరు. అందుకే దారికి రెండు పక్కలా కెమెరాలు ఎదురెదురుగా కడతారు. దుప్పి చుక్కలూ రెండు వైపులా వేరు. మా దగ్గర ఎదురెదురు కెమెరాలు లేవు, చేత్తో ఫొటోలు. కాబట్టి కుడి పక్క ఫొటో ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుంటున్నాం.

ఫిబ్రవరి, రెండో పక్షం

ముందు మగవాటితో మొదలుపెట్టాం. కొమ్ములను గుర్తుగా తీసుకుందామన్న మాట వచ్చింది, వద్దన్నాను. దుప్పి కొమ్ములు రాలిపోతాయి, కొత్తవి వస్తాయి. అందులోనూ అన్నిటికీ ఒకేసారి రాలవు. గుర్తు రాలిపోయిన జంతువు మళ్లీ కనబడితే కొత్తదనుకుంటాం. రెండుసార్లూ కనబడినవి తగ్గుతాయి, సంఖ్య ఉబ్బుతుంది.

ఎంత ఉబ్బుతుందో మా అంకెలతోనే. మొదటి విడతలో గుర్తించిన మగ దుప్పులు 24. రెండో విడతలో 30. రెండింట్లోనూ ఉన్నవి 9. చాప్‌మన్ లెక్క: 25 × 31 ÷ 10, అందులోంచి 1 తీస్తే 76.5, అంటే 76. ఇప్పుడు ఆ 9లో రెండు జతల ఫొటోలను పోల్చుకోలేకపోయామనుకోండి. 7 అవుతుంది. 25 × 31 ÷ 8, ఒకటి తీస్తే 96. రెండు ఫొటోల దగ్గర కన్ను జారితే ఇరవై దుప్పులు పుట్టుకొస్తాయి.

కాబట్టి ఈ పక్షమంతా ల్యాప్‌టాప్ ముందే గడిచింది. ముగ్గురూ విడివిడిగా పోలుస్తున్నారు, ఒకరి జవాబు ఇంకొకరికి తెలియదు. చూసే చోటు ఒకటే నిర్ణయించాం: కుడి భుజం వెనక, పక్కటెముకల మీద. వెన్ను వెంట నడిచే నల్లటి చారకు దిగువన చుక్కలు వరసకడతాయి. ఒక మగదానికి ఆ వరసలో మూడోదీ నాలుగోదీ అతుక్కుపోయి చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయి, దాని కింద త్రిభుజంలా మూడు విడి చుక్కలు. ఎండలో తీసినా, నీడలో తీసినా, అది మెడ తిప్పినా, ఆ గింజా ఆ త్రిభుజమూ మారవు. ముగ్గురూ ఒప్పుకున్న జతలే 9లోకి వచ్చాయి. ఇద్దరే ఒప్పుకున్నవి పక్కన పెట్టి, వాటిని కలిపితే అంచనా ఎంత మారుతుందో కూడా రాస్తున్నాం.

మిగతా షరతులు. రెండు విడతల మధ్య చావు, పుట్టుక, రాకపోకలు ఉండకూడదు. విడతల మధ్య పది రోజులే ఎడం ఇచ్చాం, ప్రహరీ గోడ కూడా సాయం చేస్తుంది. పులుల విషయంలో ఇది పెద్ద తలనొప్పి. అడవికి గోడ ఉండదు, కెమెరాల అంచున తిరిగే పులి లోపలిదా బయటిదా అన్నది తేలదు. 2004లో ఎఫర్డ్, ఆ తరవాత బోర్చర్స్, రాయిల్ వంటివారు ప్రతి జంతువుకూ ఒక సంచార కేంద్రాన్ని ఊహించి, కెమెరా దానికి ఎంత దూరమైతే చిక్కే సంభావ్యత అంత తగ్గుతుందని మోడల్ కట్టారు. గూటాల దగ్గర మేం చూసిన తగ్గే వక్రరేఖే అక్కడ కెమెరాల చుట్టూ వస్తుంది. స్రవంతి దాన్ని తనంతట తనే పట్టుకుంది.

మాకు నిజంగా ఇబ్బంది పెట్టే షరతు ఇంకొకటి: ప్రతి జంతువుకూ చిక్కే అవకాశం సమానంగా ఉండాలి. హాస్టల్ మెస్ వెనక మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు పడేస్తారు. "గీ నాలుగైదు దుప్పులు రోజు గీడనే ఉంటయి సార్, వంటోళ్లను గుర్తువడ్తయి" అన్నారు యాదయ్య గారు. ఆ నాలుగైదూ ప్రతి విడతలోనూ ఫొటోకు దొరుకుతాయి. గుట్టల వెనక ఉండేవి ఒక్కసారీ దొరకవు. ధైర్యస్థులు రెండుసార్లూ కనబడి రెండింట్లో ఉన్నవాటి సంఖ్యను పెంచుతాయి, అంచనా అసలుకంటే కిందికి జారుతుంది. 1978లో ఓటిస్, బర్నమ్, వైట్, ఆండర్సన్ ఈ తేడాలను విడదీసే మోడళ్లు ఇచ్చారు. కాలంతో మారే అవకాశం, పట్టుబడ్డాక మారే ప్రవర్తన, జంతువుకూ జంతువుకూ ఉండే తేడా. మూడోదాన్ని పట్టుకోవాలంటే రెండు విడతలు చాలవు. నాలుగైదైనా కావాలి.

మెస్ వెనక ఫొటోలు తీయొద్దని నిర్ణయించాం. ఆ దుప్పులు వేరేచోట కనబడితేనే లెక్క.

మార్చి

ఇప్పటి వరకు తేలింది రాస్తున్నాను. మగ దుప్పుల అంచనా 76. స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 15. అంటే 95 శాతం వ్యాప్తి (అసలు సంఖ్య ఉండగలదని మేం నమ్మే హద్దులు) 47 నుంచి 106. విడివిడిగా ఫొటోలో దొరికినవి 45 ఉన్నాయి కాబట్టి అంతకు తక్కువ ఉండే మాటే లేదు.

విద్యాసంస్థ అధికారి ఒకరు నివేదికలో ఒకే అంకె ఇవ్వమన్నారు. ఇవ్వలేమని చెప్పాను, కోపంగా కాదు, కూర్చోబెట్టి వివరించాను. దేశం పులుల లెక్క కూడా అలాగే ఉంటుంది. 2018 నివేదికలో 2,967 అన్నది మధ్య అంకె, వ్యాప్తి 2,603 నుంచి 3,346. 2022లో 3,682, వ్యాప్తి 3,167 నుంచి 3,925. పత్రికలో ఒక్క అంకే పడుతుంది, కానీ నిర్ణయం తీసుకునేవాళ్లకు వ్యాప్తే ముఖ్యం. రెండేళ్ల తరవాత మళ్లీ లెక్కపెట్టి 60 వచ్చిందనుకుందాం. 47 నుంచి 106 అని చెప్పి ఉంటే కంగారుపడరు. 76 అని మాత్రమే చెప్పి ఉంటే పదహారు దుప్పులను ఎవరో ఎత్తుకుపోయారని గొడవ మొదలవుతుంది. నా దృష్టిలో వ్యాప్తి లేని అంకె అసంపూర్ణమే కాదు, హాని చేసేది కూడా. ఆయన ఒప్పుకున్నారు. నివేదికలో రెండూ ఉంటాయి.

వ్యాప్తి ఇరుకు కావాలంటే ఎక్కువ ఫొటోలు కావాలి. మొదటి విడతలో 40, రెండో విడతలో 45 గుర్తించి, అందులో 24 రెండుసార్లూ దొరికితే స్టాండర్డ్ ఎర్రర్ 15 నుంచి సుమారు 6కు దిగుతుంది. పని రెట్టింపు కూడా కాలేదు, అనిశ్చితి సగానికి పైగా తగ్గింది. ఈ లెక్క చూపించాకే నవీన్ ఉదయపు నడకకు అదనంగా సాయంత్రం కుంటల దగ్గర కూర్చునే బాధ్యత తీసుకున్నాడు.

నెమళ్ల అంచనా ఇంకా ప్రకటించడం లేదు. సగం గంట వక్రరేఖకూ, గీతకు దగ్గరలో కాస్త బల్లపరుపుగా ఉండే మరో వక్రరేఖకూ అంచనాల్లో తేడా వస్తోంది. ఏది సరిపోతుందో ఏఐసీతో (మోడళ్లను పోల్చే ఒక కొలమానం) పోల్చి చూస్తున్నాం. అతి దూరపు కొన్ని నమోదులను కత్తిరించి మళ్లీ కట్టాలి. స్రవంతి ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాస్తోంది. మగవాటికీ ఆడవాటికీ విడిగా చూపు వెడల్పు కట్టాలన్నది తన ఆలోచనే. పింఛం పెరిగిన మగ నెమలి, మట్టిరంగు ఆడ నెమలి ఒకే దూరం నుంచి కనబడవు కదా.

రాబోయే పనులు. ఏప్రిల్‌లో దుప్పుల మూడో, నాలుగో విడత, అన్నిటినీ కలిపి, రెండుకు మించిన విడతలకు వాడే ష్నాబెల్ పద్ధతిలో ఒకసారి, జంతువుల మధ్య తేడాను ఒప్పుకునే మోడల్‌తో మరోసారి కట్టడం. ఆడ దుప్పుల ఫొటోలను వేరు చేసే పని ఇమ్రాన్‌ది. వానలు పడేముందు, నెమళ్లు పురివిప్పే కాలంలో, అవే గీతల మీద మళ్లీ నడక. అప్పుడు మగవి ఎక్కువగా బయటపడతాయి, కనబడే వంతు మారుతుంది, డిసెంబరు వక్రరేఖను వాటికి అంటగట్టకూడదు. పసుపు పేలికలు కొన్ని ఎండకు వెలిసిపోయాయి, నాలుగో గీత మీదివి కోతులు పీకేశాయి. యాదయ్య గారు ఈ ఆదివారం కొత్తవి కడతామన్నారు.